శామ్యూల్ జాన్సన్

శామ్యూల్ జాన్సన్ (1709 సెప్టెంబరు 18 - 1784 డిసెంబరు 13) పద్దెనిమిదవ శతాబ్దానికి చెందిన ఆంగ్ల రచయిత, నిఘంటుకర్త, కవి, విమర్శకుడు, జీవితచరిత్రకారుడు. డాక్టర్ జాన్సన్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. 1755లో వెలువడిన ఆంగ్లభాషా నిఘంటువు ఈయనకు శాశ్వతమైన కీర్తిని తెచ్చిపెట్టింది. ఈయన శిష్యప్రాయుడైన జేమ్స్ బాస్వెల్ 1791లో ప్రకటించిన జీవితచరిత్ర ఆ ప్రక్రియకే తలమానికంగా పరిగణింపబడుతున్నది.

అయితే జాన్సన్ రచనలలో గణనీయమైన భాగం ఆయన పేరుతో వెలువడలేదు. ఇతరుల కొరకు, వారి పేరుతోనే ప్రకటితమయ్యేటట్లు రాసి ఇచ్చేవారిని నేడు ఘోస్ట్ రైటర్లు అంటున్నారు. ఆ మాట పుట్టకముందే జాన్సన్ ఆ వృత్తిలో దాదాపు నలభై ఏళ్ళు గడిపాడు. మతాచార్యులకు ప్రసంగాలు, గ్రంథకర్తలకు అంకితాలు, ఆచార్యునికి న్యాయశాస్త్ర పాఠాలు, ఎన్నికల అభ్యర్థికి విజ్ఞప్తులు, ఉరిశిక్ష పడిన ఖైదీకి క్షమాభిక్ష అర్జీలు ఆయన కలం నుండి వెలువడ్డాయి. వీటిలో కొన్ని ఆయన జీవించి ఉండగానే బయటపడ్డాయి, మరికొన్ని ఇరవయ్యవ శతాబ్దంలో గాని వెలుగు చూడలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

జాన్సన్ ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌కు చెందిన లిచ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మైకేల్ జాన్సన్ పుస్తకాల వ్యాపారి, తల్లి సారా. పసితనంలోనే కంఠమాల వ్యాధి సోకడంతో ముఖంపై మచ్చలు మిగిలాయి, ఒక కంటి చూపు దాదాపుగా పోయింది. రాజస్పర్శతో ఆ వ్యాధి నయమౌతుందని ఆనాటివారి విశ్వాసం. అందుచేత 1712లో పిల్లవానిని లండనుకు తీసుకుపోయి ఆన్ రాణి చేత తాకించారు. వ్యాధి మాత్రం నయం కాలేదు.

లిచ్‌ఫీల్డ్ పాఠశాలలో జాన్సన్ అసాధారణమైన జ్ఞాపకశక్తి గలవాడని పేరు పొందాడు. తనకు ఇష్టులైన సహాధ్యాయులకు పాఠాలలో ధారాళంగా సాయపడేవాడు. దానికి ప్రతిఫలంగా ముగ్గురు పిల్లలు ఉదయమే వచ్చి, ఒకడు వీపుపై ఎక్కించుకోగా మిగిలిన ఇద్దరు చెరొకవైపు పట్టుకొని, ఆయనను బడికి మోసుకుపోయేవారని బాస్వెల్ రాశాడు. వారిలో ఒకడైన ఎడ్మండ్ హెక్టర్ జీవితాంతం ఆయనకు మిత్రుడుగా ఉన్నాడు.

1728 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కళాశాలలో చేరాడు. అప్పటి ఆయన బీదరికాన్ని గురించి ఒక సంఘటన ప్రసిద్ధమైనది. క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చదువుతున్న బాల్యమిత్రుడు జాన్ టేలర్ వద్దకు పాఠాల సారాంశం తెలుసుకొనడానికి వెళ్ళివస్తుండగా, చిరిగిన బూట్లలోనుండి తన పాదాలు కనిపిస్తున్న సంగతి అక్కడి విద్యార్థులు గమనించారని గ్రహించి అటు వెళ్ళడం మానుకున్నాడు. ఎవరో దయతలచి గది వాకిట కొత్త బూట్లు ఉంచితే కోపంతో వాటిని విసిరివేశాడు. డబ్బు చాలక పదమూడు నెలలకే, 1729 డిసెంబరులో, పట్టా లేకుండా విశ్వవిద్యాలయాన్ని విడిచిపెట్టాడు.

కొంతకాలం మార్కెట్ బాస్వర్త్ అనే ఊరిలో సహాయ ఉపాధ్యాయుడుగా పనిచేసి, ఆ ఉద్యోగం భరించలేక బర్మింగ్‌హామ్‌లో ఉన్న హెక్టర్ దగ్గరకు చేరాడు. అక్కడ లోబో అనే పోర్చుగీసు ఫాదిరీ అబిసీనియా యాత్రావృత్తాంతాన్ని ఫ్రెంచి నుండి ఆంగ్లంలోనికి అనువదించాడు. మంచంపై పడుకొని ఆయన చెబుతుండగా చాలా భాగం హెక్టరే రాశాడు. 1735లో వెలువడిన ఆ పుస్తకంపై అనువాదకుని పేరు లేదు. ప్రతిఫలం ఐదు గినీలు. (గినీ అంటే ఒక పౌండు ఒక షిల్లింగు.)

అదే సంవత్సరం తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దదైన ఎలిజబెత్ పోర్టర్ అనే వితంతువును వివాహమాడాడు. ఆమె ధనంతో ఎడియల్ గ్రామంలో స్థాపించిన పాఠశాలకు పిల్లలు చేరక అది త్వరలోనే మూతపడింది. చేరిన కొద్దిమందిలో ఒకడు డేవిడ్ గారిక్. తరువాత ఇంగ్లండులో అగ్రశ్రేణి నటుడైన ఈ గారిక్‌తో కలిసి 1737 మార్చిలో జాన్సన్ లండనుకు బయలుదేరాడు.

లండనులో కూలి రచన

లండనులో ఆ రోజులలో ధనికుల పోషణ తగ్గి, పుస్తక విక్రేతలే ప్రచురణకర్తలై రచయితలకు పని ఇచ్చే కాలం ఆరంభమైంది. పని అంటే అనువాదాలు, సంగ్రహాలు, జాబితాలు, పీఠికలు, ఏది అడిగితే అది. ఇటువంటి రచయితలు నివసించిన గ్రబ్ స్ట్రీట్ పేరు కూలి రచనకు మారుపేరైంది. తన నిఘంటువులో ఆ మాటకు అర్థం చెప్పినప్పుడు జాన్సన్ నిఘంటుకర్తలను కూడ ఆ వీధివారిలో చేర్చి తనను తాను ఎగతాళి చేసుకున్నాడు.

జాన్సన్‌కు ముఖ్యమైన ఆధారం ఎడ్వర్డ్ కేవ్ నడిపిన ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ మాసపత్రిక. క్లర్కెన్‌వెల్‌లో సెయింట్ జాన్స్ గేట్ అనే పాత కట్టడంలో దాని కార్యాలయం ఉండేది. 1744లో జాన్సన్, దారిద్ర్యంలో మరణించిన తన మిత్రుడు రిచర్డ్ సావేజ్ జీవితచరిత్రను పేరు లేకుండా ప్రకటించాడు. వాల్టర్ హార్ట్ అనే పండితుడు కేవ్ ఇంట భోజనం చేస్తూ ఆ పుస్తకాన్ని ఎంతగానో పొగిడాడు. మరికొన్నాళ్ళకు కేవ్ ఆయనను కలిసి, ఆనాటి పొగడ్తకు ఒక వ్యక్తి ఎంతో సంతోషించాడని చెప్పాడు. గదిలో మూడవవాడు లేడు గదా అని హార్ట్ ఆశ్చర్యపోగా, తెరచాటుకు ఒక పళ్ళెం పంపిన సంగతి కేవ్ గుర్తుచేశాడు. తన బట్టలు మరీ చిరిగి ఉండడంతో జాన్సన్ తెర వెనుకనే కూర్చొని భోజనం చేశాడు.

పార్లమెంటు చర్చలు

1738 ఏప్రిల్‌లో బ్రిటిషు కామన్స్ సభ, సభలో జరిగే చర్చలను ప్రచురించడం సభాహక్కుల ఉల్లంఘన అని తీర్మానించింది. పాఠకులకు ఆ చర్చలపై ఆసక్తి మెండు, ప్రచురిస్తే శిక్ష. కేవ్ దీనికొక ఉపాయం పన్నాడు. గలివర్ మనుమడు లిల్లిపుట్ దేశానికి పోయి అక్కడి శాసనసభ చర్చలను తీసుకువచ్చాడన్న కల్పనతో వాటిని ప్రచురించసాగాడు. వాల్‌పోల్ అన్న పేరులోని అక్షరాలు తారుమారు చేసి వాలెలాప్ అనీ, పిట్‌ను ప్టిట్ అనీ రాసేవారు. పాఠకులకు ఎవరెవరో తెలుస్తూనే ఉండేది.

మొదట విలియం గుత్రీ రాసిన వ్రాతలను జాన్సన్ సరిదిద్దేవాడు. 1741 జూలై సంచిక నుండి 1744 మార్చి వరకు వచ్చిన చర్చలు పూర్తిగా ఆయనే రాశాడు. ఆయన సభకు వెళ్ళి విన్నది లేదు. ఒక్కసారి మాత్రమే గ్యాలరీలో అడుగుపెట్టానని తరువాత తానే చెప్పాడు. ద్వారపాలకుల సాయంతో కేవ్ మనుషులు లోపలికి ప్రవేశించి, ఎవరు మాట్లాడారు, ఏ పక్షం, ఏ క్రమం, ముఖ్యమైన వాదం ఏమిటి అన్న వివరాలు తెచ్చేవారు. ఒక్కొక్కప్పుడు అవి కూడ ఉండేవి కావు. ఆ కొద్దిపాటి ఆధారంతో జాన్సన్ మేడగదిలో కూర్చొని, మంత్రులకు, ప్రతిపక్ష నాయకులకు, ప్రభువులకు గంభీరమైన ఉపన్యాసాలు కల్పించాడు. పత్రికకు మూడు కాలమ్‌లు గంటలో పూర్తిచేసేవాడట. ఈ చర్చల వల్ల పత్రిక అమ్మకం పదివేల ప్రతుల నుండి పదిహేనువేలకు పెరిగిందని జాన్సన్ జీవితచరిత్ర రాసిన మరొక మిత్రుడు సర్ జాన్ హాకిన్స్ పేర్కొన్నాడు.

వీటిలో ప్రసిద్ధమైనది 1741లో యువకుడైన విలియం పిట్, తన వయస్సును ఆక్షేపించిన వృద్ధ సభ్యుడు హొరేషియో వాల్‌పోల్‌కు ఇచ్చినట్లుగా అచ్చైన సమాధానం. చాలా ఏళ్ళ తరువాత నటుడు ఫుట్ ఇచ్చిన విందులో డాక్టర్ ఫ్రాన్సిస్ అనే పండితుడు ఆ ఉపన్యాసాన్ని మెచ్చుకుంటూ, గ్రీకు వక్త డెమాస్తనీస్‌ను అనువదించిన తనకు ఆ మహావక్తలో సైతం ఇంతటిది కనిపించలేదన్నాడు. అందరూ తలలూపారు. ఆ పొగడ్తలన్నీ ముగిసిన తరువాత జాన్సన్, ఆ ఉపన్యాసం తాను ఎక్సెటర్ వీధిలోని ఒక మేడగదిలో రాసినదని చెప్పాడు. విన్నవారు నిర్ఘాంతపోయి, ఇరుపక్షాలకు సమానంగా న్యాయం చేసినందుకు ఆయనను ప్రశంసించారు. టోరీ పక్షపాతి అయిన జాన్సన్ నవ్వుతూ, విగ్గులకు పైచేయి కాకుండా మాత్రం జాగ్రత్తపడ్డానని బదులిచ్చాడు. ఈ వృత్తాంతాన్ని ఆర్థర్ మర్ఫీ గ్రంథస్థం చేశాడు.

ఇంతటి విజయం సాధించిన ఈ పనిని జాన్సన్ తనంతట తానే మానుకున్నాడు. అవి నిజమైన ఉపన్యాసాలని లోకం నమ్ముతున్నదని తెలిసినప్పుడు, అబద్ధం వ్యాపించడానికి తాను సాధనం కాకూడదని నిర్ణయించుకున్నాడని ఆయన మిత్రులు చెప్పారు. ఇంగ్లండు చరిత్ర రాస్తున్న స్మాలెట్‌ను ఆ చర్చలపై ఆధారపడవద్దని హెచ్చరించాడు కూడ.

లాడర్ ఉదంతం

జాన్సన్ పరులకు చేసిన సాయాలలో ఆయనకు అప్రతిష్ఠ తెచ్చినది విలియం లాడర్ వ్యవహారం. స్కాట్లండుకు చెందిన ఈ పండితుడు, మహాకవి మిల్టన్ తన ‘పారడైజ్ లాస్ట్’ను అంతకుముందరి లాటిన్ కవుల నుండి సంగ్రహించాడని వాదిస్తూ 1750 ప్రాంతంలో ఒక గ్రంథం ప్రకటించాడు. దానికి పీఠిక, చివరిమాట జాన్సన్ రాసినవే. మిల్టన్ రాజకీయాలు జాన్సన్‌కు గిట్టవు కనుక ఆయన తొందరపడి నమ్మాడని కొందరి అభిప్రాయం. అది కొంతవరకు నిజం కావచ్చును. అయితే ఆ చివరిమాటలోనే, బీదరికంలో ఉన్న మిల్టన్ మనుమరాలికి సాయం చేయవలసిందిగా ఆయన పాఠకులను కోరిన సంగతి కూడ గుర్తుంచుకోవాలి.

కొద్దికాలానికే జాన్ డగ్లస్ అనే మతాచార్యుడు అసలు రహస్యం బయటపెట్టాడు. ‘పారడైజ్ లాస్ట్’కు ఇతరులు చేసిన లాటిన్ అనువాదంలోని పంక్తులను లాడర్ పాత కవుల రచనలలో చొప్పించి సాక్ష్యంగా చూపాడని తేలింది. జాన్సన్ వెంటనే లాడర్‌ను కూర్చోబెట్టి, నేరం ఒప్పుకుంటూ డగ్లస్‌కు క్షమాపణ లేఖను తానే చెప్పి రాయించి, సంతకం చేయించాడు. 1751లో అది అచ్చైంది. మోసానికి పీఠిక, ఆ మోసపు ఒప్పుకోలు రెండూ ఒక్క కలం నుండి రావడం సాహిత్య చరిత్రలో అరుదైన విషయం.

నిఘంటువు, సొంత పేరు

జాన్సన్ పేరు ముఖపత్రంపై కనిపించిన మొదటి రచన 1749లో వెలువడిన ‘ది వానిటీ ఆఫ్ హ్యూమన్ విషెస్’ అనే కావ్యం. అప్పటికి ఆయన వయస్సు ముప్పైతొమ్మిది, లండను చేరి పన్నెండేళ్ళయింది. 1750 నుండి 1752 వరకు వారానికి రెండుసార్లు వెలువడిన ‘ది రాంబ్లర్’ 208 సంచికలకు కూడ పేరు లేదు, కాని శైలిని బట్టి రచయిత ఎవరో చాలామందికి తెలిసిపోయింది.

1746 జూన్ 18న పుస్తక విక్రేతల బృందంతో నిఘంటువుకు 1,500 గినీల ఒప్పందం కుదిరింది. గఫ్ స్క్వేర్‌లోని ఇంటి పైభాగంలో ఆరుగురు సహాయకులతో పనిచేసి, 1755 ఏప్రిల్ 15న సుమారు 42 వేల పైచిలుకు పదాలతో రెండు పెద్ద సంపుటాలుగా దానిని వెలువరించాడు. ఆరంభంలో ఉపేక్షించి, పని ముగిసే సమయానికి పోషకుడుగా కనిపించబోయిన చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు 1755 ఫిబ్రవరి 7న జాన్సన్ రాసిన నిరాకరణ లేఖ రచయితల స్వాతంత్ర్య ప్రకటనగా పేరుపొందింది.

ఆ సహాయకులలో ఒకడైన రాబర్ట్ షీల్స్ కథ కూడ ఇక్కడ చెప్పదగినదే. ఆయన కూర్చిన కవుల జీవితచరిత్రలు 1753లో సిబ్బర్ పేరుతో వెలువడ్డాయి. అప్పుల పాలై చెరలో ఉన్న థియోఫిలస్ సిబ్బర్‌కు పది గినీలిచ్చి అతని పేరు వాడుకున్నారని జాన్సన్ రాశాడు. దీనిని కొందరు ఖండించారు.

నిఘంటువు కీర్తి తెచ్చినా డబ్బు తేలేదు. ఒప్పందం సొమ్ము ఖర్చులకే సరిపోయింది. 1756 మార్చిలో ఐదు పౌండ్ల పద్దెనిమిది షిల్లింగుల అప్పు కొరకు జాన్సన్‌ను నిర్బంధించగా, నవలా రచయిత రిచర్డ్‌సన్ ఆరు గినీలు పంపి విడిపించాడు. 1762లో మూడవ జార్జి రాజు ఏడాదికి 300 పౌండ్ల పింఛను మంజూరు చేసేవరకు ఈ ఇబ్బంది తీరలేదు.

పీఠికలు, అంకితాలు

కృతిని రాజుకో, ప్రభువుకో అంకితమివ్వడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులోను ఈ ఆచారం బలంగా ఉండేది. అయితే అంకితపు మాటలు మర్యాద తప్పకుండా, ముఖస్తుతి మితిమీరకుండా రాయడం అందరికీ చేతనయ్యేది కాదు. అందుచేత గ్రంథకర్తలు జాన్సన్‌ను ఆశ్రయించేవారు. షార్లెట్ లెనాక్స్ నవల ‘ది ఫిమేల్ క్విక్సోట్’ (1752), థామస్ పెర్సీ ప్రాచీన గేయసంకలనం ‘రెలిక్స్’ (1765), శిల్పి జాన్ గ్విన్ లండను నగరాభివృద్ధి ప్రణాళిక (1766), చార్లెస్ బర్నీ సంగీత చరిత్ర (1776), చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ ఉపన్యాసాలు (1778) - వీటి అంకితాలన్నీ జాన్సన్ రాసినవే. రాజకుటుంబంలో దాదాపు అందరికీ తాను అంకితాలు రాసినట్లేనని ఆయన అనేవాడు. తన సొంత పుస్తకాలను మాత్రం ఎవరికీ అంకితం చేయలేదు. 1747లో నిఘంటువు ప్రణాళికను చెస్టర్‌ఫీల్డ్ పేర రాయడం ఒక్కటే దీనికి అపవాదం, దాని ఫలితం పైన చెప్పుకున్నదే.

1756లో విలియం పేన్ అనే గణిత ఉపాధ్యాయుడు డ్రాఫ్ట్స్ అనే బల్లపై ఆడే పావుల ఆట గురించి రాసిన చిన్న పుస్తకానికి కూడ అంకితం, పీఠిక జాన్సనే రాశాడు. అదే ఏడాది రోల్ట్ వర్తక నిఘంటువుకు పీఠిక రాసినప్పుడు ఆయన రోల్ట్‌ను గాని, ఆ పుస్తకాన్ని గాని చూసి ఎరుగడు. అటువంటి నిఘంటువు ఎట్లుండాలో తనకు తెలుసుననీ, దానికి తగినట్లు పీఠిక రాశాననీ సమర్థించుకున్నాడు.

డబ్బు కొరకు గాక ఊరకే రాయడం తెలివితక్కువతనమని జాన్సన్ చెప్పిన మాట ప్రసిద్ధం. ఆయన ఆచరణ దానికి విరుద్ధంగా ఉంది. వెల్ష్ వైద్యుడు జకారియా విలియమ్స్ సముద్రంలో రేఖాంశం కనుగొనే పద్ధతిపై ఏళ్ళ తరబడి శ్రమించి, బహుమతి దక్కక, వృద్ధాప్యంలో నిరాశలో ఉండగా, ఆయన సిద్ధాంతాన్ని జాన్సన్ పుస్తకంగా రాసి 1755లో ఆయన పేరుతోనే వెలువరించాడు. అంధురాలైన ఆయన కుమార్తె ఆనా విలియమ్స్‌కు తన ఇంటిలోనే ఆశ్రయమిచ్చి, ఆమె కవితా సంపుటానికి (1766) సొంత రచనలు చేర్చి ఇచ్చాడు.

1772లో విద్యార్థులను కఠినంగా దండించినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న హేస్టీ అనే స్కాటిష్ ఉపాధ్యాయుని పక్షాన వాదించవలసిన బాస్వెల్‌కు జాన్సనే వాదం చెప్పి రాయించాడు. ఆ కేసులో హేస్టీ ఓడిపోయాడు. 1777లో జమైకా నుండి స్కాట్లండుకు తీసుకురాబడిన జోసెఫ్ నైట్ అనే నీగ్రో బానిస స్వేచ్ఛ కోరి వేసిన దావాలో, బానిసత్వానికి వ్యతిరేకంగా మరొక వాదాన్ని బాస్వెల్‌కు చెప్పి రాయించాడు. 1778లో ఎడింబరో న్యాయస్థానం నైట్‌కు అనుకూలంగా తీర్పు చెప్పింది. బాస్వెల్ స్వయంగా ఈ విషయంలో జాన్సన్‌తో ఏకీభవించకపోయినా ఆ వాదాన్ని జీవితచరిత్రలో పూర్తిగా ప్రచురించాడు.

చర్చి ప్రసంగాలు

తాను సుమారు నలభై ప్రసంగాలు రాశానని జాన్సన్ చెప్పుకున్నాడు. వీటిని ఆదివారాలలో చర్చిలలో చదివినవారు వేరు. రేటు ప్రసంగానికి రెండు గినీలని చెబుతారు. భోజనమైన తరువాత మొదలుపెట్టి ఆ రాత్రి టపాకే పంపిన సందర్భాలున్నాయి. డబ్బు పుచ్చుకొని అప్పగించిన తరువాత ఆ ప్రసంగం కొన్నవానిదేనని, దాని సంగతి ఇక తాను విచారించరాదని ఆయన నియమం. ఎవరెవరికి రాసి ఇచ్చాడో ఆ పేర్లు వెల్లడించలేదు. 1745లో సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో హెన్రీ హార్వీ ఆస్టన్ చేసి తన పేరుతో అచ్చువేయించిన ప్రసంగం జాన్సన్‌దని పరిశోధకులు గుర్తించడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

ఎక్కువ ప్రసంగాలు పుచ్చుకున్నవాడు ఆక్స్‌ఫర్డ్ నాటి మిత్రుడు జాన్ టేలర్. 1752 మార్చిలో భార్య ఎలిజబెత్ మరణించినప్పుడు, ఆమె అంత్యక్రియలలో టేలర్ చదవడానికి జాన్సన్ ఒక ప్రసంగం రాశాడు. తన సొంత దుఃఖాన్ని సైతం మరొకని నోట పలికించదలచాడు. టేలర్ దానిని చదవడానికి అంగీకరించలేదు. మృతురాలిని అందులో ప్రశంసించిన తీరు అతనికి నచ్చలేదని అంటారు. ఆ ప్రసంగం 1788లో గాని అచ్చు కాలేదు.

న్యాయశాస్త్ర ఉపన్యాసాలు

1766లో రాబర్ట్ ఛాంబర్స్ అనే యువ న్యాయవాది, సుప్రసిద్ధుడైన బ్లాక్‌స్టన్ తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో వైనేరియన్ ఆచార్య పదవిలో నియమితుడయ్యాడు. బ్లాక్‌స్టన్ స్థానంలో నిలబడి మాట్లాడడానికి భయపడి ఆయన ఒక్క ఉపన్యాసమైనా పూర్తిచేయలేకపోయాడు. ఉపన్యాసం తప్పితే జరిమానా చెల్లించాలని నిబంధన. జాన్సన్ ఆయనకు ధైర్యం చెప్పి, పలుమార్లు ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి బసచేసి, యాభైకి పైగా ఉపన్యాసాల తయారీలో రహస్యంగా పాలుపంచుకున్నాడు. న్యాయశాస్త్రాధ్యయనానికి ముందు జాన్సన్ రాసుకున్న ఒక ప్రార్థనను చూసిన బాస్వెల్, ఆయన న్యాయవాద వృత్తి చేపట్టదలచాడేమో అని ఊహించాడు. అసలు విషయం ఎరిగిన అతి కొద్దిమందిలో ఒకరు హెస్టర్ థ్రేల్. జాన్సన్‌కు తన ఇంట ఏళ్ళ తరబడి ఆతిథ్యమిచ్చిన ఈమె ఆ సంగతిని తన దినచర్య పుస్తకంలో రాసుకుంది. ఆమె భర్త హెన్రీ థ్రేల్ సదర్క్ నుండి పార్లమెంటుకు పోటీచేసినప్పుడు ఎన్నికల ప్రకటనలు రాసినది కూడ జాన్సనే.

ఛాంబర్స్ 1774లో కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా భారతదేశానికి వచ్చాడు. వస్తూ వారన్ హేస్టింగ్స్‌కు జాన్సన్ రాసిన లేఖ తెచ్చాడు. మరుసటి ఏడాది మహారాజా నందకుమార్‌ను ఫోర్జరీ నేరంపై విచారించిన ధర్మాసనంలో ఆయన ఒకడు. ఉరిశిక్ష విధించే ఆంగ్ల చట్టం బెంగాలుకు వర్తిస్తుందా అన్న విషయంలో ఆయన మొదట సందేహం వ్యక్తం చేసినా తరువాత మిగిలిన న్యాయమూర్తులతో ఏకీభవించాడు. 1775 ఆగస్టు 5న నందకుమార్‌ను ఉరితీశారు. తరువాత ప్రధాన న్యాయమూర్తి అయిన ఛాంబర్స్ సంస్కృత వ్రాతప్రతులను పెద్దయెత్తున సేకరించాడు. అవి ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్నాయి.

డాడ్‌కు సాయం

నందకుమార్ ఉరి జరిగిన రెండేళ్ళకు లండనులో మరొక ఫోర్జరీ కేసు సంచలనం కలిగించింది. విలియం డాడ్ పేరుపొందిన మతప్రసంగీకుడు, ఒకప్పుడు రాజుగారి ఆస్థాన మతగురువు, ఆడంబరానికి అలవాటుపడి అప్పుల పాలైనవాడు. 1777 ఫిబ్రవరిలో తన పూర్వ శిష్యుడైన చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు (జాన్సన్ నిరాకరించిన ప్రభువుకు వారసుడు) సంతకాన్ని ఫోర్జరీ చేసి 4,200 పౌండ్ల బాండు సృష్టించాడు. త్వరలోనే దొరికిపోయాడు. చాలావరకు సొమ్ము తిరిగి ఇచ్చినా న్యాయస్థానం దోషిగా నిర్ణయించింది. ఆ నేరానికి శిక్ష మరణమే.

డాడ్‌ను జాన్సన్ ఎన్నో ఏళ్ళ క్రితం ఒక్కసారి మాత్రమే కలుసుకున్నాడు, అతనిపై సదభిప్రాయం కూడ లేదు. ముద్రాపకుడు ఎడ్మండ్ అలెన్ ద్వారా సాయం కోరుతూ లేఖ అందినప్పుడు, దానిని చదివి కలతతో గదిలో అటూ ఇటూ తిరిగి, చేయగలిగినది చేస్తానన్నాడు. తరువాతి వారాలలో శిక్ష విధింపునకు ముందు న్యాయస్థానంలో డాడ్ చేసిన విన్నపం, లార్డ్ ఛాన్సలర్‌కు, మాన్స్‌ఫీల్డ్ ప్రభువుకు లేఖలు, రాజుకు డాడ్ అర్జీ, రాణికి డాడ్ భార్య అర్జీ, లండను నగర పక్షాన విజ్ఞప్తి జాన్సన్ రాశాడు. రాజుకు పంపే లేఖను డాడ్ స్వహస్తంతో తిరగరాయాలనీ, అది తాను రాసినట్లు ఎవరికీ తెలియరాదనీ కోరాడు. జూన్ 6న న్యూగేట్ చెరసాల ప్రార్థనామందిరంలో డాడ్ తోటి ఖైదీలకు చేసిన ప్రసంగం కూడ చాలావరకు జాన్సన్‌దే. ఇరవైవేల మందికి పైగా సంతకాలు చేసిన విజ్ఞాపన పత్రం కూడ సమర్పించారు.

ఆ ప్రసంగం అచ్చైన తరువాత విలియం సీవార్డ్ అనే మిత్రుడు, అది డాడ్ శక్తికి మించినదిగా ఉన్నదని సందేహం వెలిబుచ్చాడు. రెండు వారాలలో ఉరి అని తెలిసినవాని మనస్సు అద్భుతంగా ఏకాగ్రమవుతుందన్న భావం గల సమాధానం జాన్సన్ ఇచ్చాడు. అది నేటికీ ఆయన చమత్కారాలలో మిక్కిలి ప్రచారం పొందినది. దానిని ఉదాహరించేవారు ఆ సందర్భాన్ని సాధారణంగా పట్టించుకోరు. ప్రసంగాన్ని తన సొంతమని చెప్పుకొనడానికి డాడ్‌కు అనుమతి ఇచ్చినందున నిజం చెప్పకూడదు, అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. అందుచేత డాడే రాశాడని నేరుగా అనకుండా ఆ మాటతో తప్పుకున్నానని ఆయన తరువాత బాస్వెల్‌కు వివరించాడు.

అర్జీలు ఫలించలేదు. డాడ్ చివరి రోజులలో కృతజ్ఞతలు తెలుపుతూ రాశాడు, జాన్సన్ ఓదార్పు లేఖ పంపాడు. 1777 జూన్ 27న టైబర్న్‌లో డాడ్‌ను ఉరితీశారు.

చివరి దశ

1779-81 మధ్య జాన్సన్ తన పేరుతోనే కవుల జీవితచరిత్రలను వెలువరించాడు. 1777లో చెస్టర్‌ఫీల్డ్ రచనల సంపుటం వచ్చినప్పుడు, అందులో ఆ ప్రభువు ఉపన్యాసాలుగా చేర్చిన రెండింటిని తానే రాశానని, పైగా వాటిలో ఒకటి డెమాస్తనీస్‌తో, మరొకటి సిసిరోతో పోల్చదగినదని సంపాదకులు కనిపెట్టారని నవ్వుకున్నాడు.

మరణానికి కొద్ది రోజుల ముందు మాత్రం నవ్వలేదు. పత్రికా ముద్రాపకుడు జాన్ నికల్స్‌తో మాట్లాడుతూ, తాను రాసిన పార్లమెంటు చర్చలేవో గుర్తించి చెప్పాడు. తన రచనలన్నిటిలోను మనస్సుకు బాధ కలిగిస్తున్నవి అవేనని, లోకాన్ని మోసగించే ఉద్దేశం అప్పుడు తనకు లేదని ఆయన అన్నట్లు తెలుస్తున్నది. చర్చి ప్రసంగాల గురించి గాని, అంకితాల గురించి గాని ఆయన ఇటువంటి పశ్చాత్తాపం వెలిబుచ్చలేదు. కొన్నవానికి తాను ఏమి కొంటున్నాడో తెలుసు, పాఠకునికి చరిత్ర పేరుతో కల్పన అందడం వేరు అన్న భేదం ఆయన పాటించినట్లు కనిపిస్తుంది. అయితే ఆదివారం చర్చిలో కూర్చొని విన్నవారి సంగతి ఏమిటన్న ప్రశ్నను ఆయన ఎత్తుకోలేదు.

వ్రాతపత్రాలను చాలావరకు తగులబెట్టి, 1784 డిసెంబరు 13న బోల్ట్ కోర్టులోని స్వగృహంలో జాన్సన్ మరణించాడు. డిసెంబరు 20న వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననం చేశారు.

మరణానంతరం వెలుగు చూసినవి

చర్చల సంకలనం 1787లో జాన్సన్ పేరుతో వెలువడింది. టేలర్ మరణించిన తరువాత అతని కాగితాలలో దొరికిన ప్రసంగాలు 1788-89లో వచ్చాయి. బాస్వెల్ తన గ్రంథంలో అనేక అంకితాల గుట్టు విప్పాడు గాని, అప్పటికి బిషప్పు పదవిలో ఉన్న పెర్సీ కోరికపై ‘రెలిక్స్’ అంకితం సంగతి ఉన్న పుటను తీసివేసి మరొకటి అచ్చువేయించాడు. పరులకు రాసిన పీఠికలు, అంకితాలను అలెన్ హేజెన్ 1937లో ఒకచోట చేర్చాడు. ఛాంబర్స్ ఉపన్యాసాలు, మూడవ జార్జి రాజు కొరకు తయారుచేసిన వ్రాతప్రతి బ్రిటిష్ మ్యూజియంలో ఉండిపోయినందున దక్కి, 1986లో రెండు సంపుటాలుగా ముద్రింపబడ్డాయి. యేల్ విశ్వవిద్యాలయం ప్రచురించిన జాన్సన్ రచనల శ్రేణిలో 28 ప్రసంగాలు 1978లోను, పార్లమెంటు చర్చలు 2012లోను చేరాయి. ఇంతలో ఆ చర్చలు కాబెట్ ‘పార్లమెంటరీ హిస్టరీ’లో నిజమైన ఉపన్యాసాలుగా స్థానం సంపాదించాయి. పిట్ ఇచ్చినట్లు జాన్సన్ కల్పించిన సమాధానం తరువాతి కాలపు వక్తృత్వ సంకలనాలలో పిట్ పేరుతోనే అచ్చవుతూ వచ్చింది.